బరువున్నదిరా బామ్మర్దీ!

మా బావ ఎల్లస్వామి చేతికి ఏ వస్తువు ఇచ్చినా, ఇచ్చినంత బరువుతో తిరిగి రాదు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మిగతా విషయాల్లో మీలాగా నాలాగా మామూలు మనిషే. చెంబు ఇచ్చినా గొడుగు ఇచ్చినా ముందు అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు కిందికీ పైకీ ఆడిస్తాడు. పెదవి విరుస్తాడు. "బరువున్నదిరా బామ్మర్దీ" అంటాడు. ఆ మాట పడిందంటే ఆ వస్తువు పని అయిపోయినట్టే. సాయంత్రానికల్లా దాని పిడో, మూతో, అంచో మాయమవుతుంది.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. స్టేషన్ ఘన్‌పూర్ పక్క ఊళ్లో ఆయన చాలా ఏళ్లు కల్లు గీయడానికి తాళ్లెక్కాడు. నడుముకు కత్తులూ కల్లు పట్టే లొట్టీ కట్టుకుని, మోకుతాడు వేసుకుని తాటిచెట్టు మీదికి పాకే మనిషికి ఒంటిమీదున్న ప్రతి తులమూ పగవాడే. "చెట్టు నడుమకు వోయినంక అంగీ గుండీలు గూడ బరువైతయి" అని గుండీలు కత్తిరించి పారేసేవాడు. పెళ్లి ఫొటోలో ఆయన అంగీకి ఒక్క గుండీ లేదు. పక్కన మా అక్క ఉప్పలమ్మ సిగ్గుతో తల వంచుకుందని చూసినవాళ్లందరూ అనుకుంటారు. నిజానికి ఆమె పిన్నీసు వెతుకుతోంది.

మోకాళ్లు అరిగాక చెట్టు దిగాడు. అక్కకు గూడూరులో ఆడపిల్లల హాస్టల్లో వంట పని దొరికితే ఇద్దరూ అక్కడికి మకాం మార్చారు. చెట్టు దిగినా జబ్బు మాత్రం దిగలేదు. గూడూరులో ఆయన కన్ను మొదట పడింది అక్క పప్పు కలిపే గంటె మీద. చేతి పొడుగు ఇనప గంటె. ఒకనాడు దాని పిడి సగానికి సగం కోసి పెట్టాడు. అక్క మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి కొంగు తీసి మొహం చూపించింది.

"గంటె తేలికైంది గని, పప్పు మీదికి వంగి వంగి నా మొఖం ఉడికింది. సూడు!"

"చెయ్యి నొస్తుందా?"

"చెయ్యి నొస్తలేదు. మొఖం మండుతుంది."

"అయితే సగం పని అయినట్టే" అని, మిగిలిన సగానికి వెదురు పిడి వేసిచ్చాడు.

తర్వాత పక్కింటి యాదగిరి పార. పార రేకుకు బెజ్జాలు వేస్తే బరువు తగ్గుతుందని ఆయనకు తోచింది. తోచిందే తడవుగా వెల్డింగు దుకాణానికి వెళ్లి వేయించుకొచ్చాడు. యాదగిరి చేలో ఒక్క గంట పనిచేసి పార భుజాన వేసుకుని వచ్చాడు.

"ఎల్లన్నా, గిది పారనా, జల్లెడనా?"

"బరువు తగ్గిందా లేదా, గది చెప్పు."

"తగ్గింది. మన్ను నిలుస్తనే లేదు, తగ్గక ఏంజేస్తది?"

అక్క స్కూటీకి స్టాండు పీకేసినప్పుడు ఊరంతా నవ్వింది. ఆ రోజు నుంచి అక్క ఎక్కడ బండి ఆపినా పక్కన ఒక గోడ ఉండాలి, లేదంటే మా బావ ఉండాలి. గూడూరు అంగడిలో అక్క కూరగాయలు బేరమాడుతుంటే, బావ స్కూటీని పట్టుకుని నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ నమస్కారం పెట్టేవాడు. ఒక్క చేత్తోనే. రెండో చెయ్యి తీస్తే బండి పడిపోతుంది.

ఇంత చెప్పాక నా సంగతి దాచడం బాగుండదు. నా పేరు రాజేందర్. జనగామలో నాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. అంటే నేను బరువు అమ్ముకుని బతికేవాణ్ణి. సామాను ఎంత బరువుంటే నాకు అంత లాభం. ఇలాంటివాడికి అలాంటి బావను ఇచ్చిన దేవుడికి హాస్యం బాగా తెలుసని నా నమ్మకం. ఒకసారి పెళ్లికూతురి తల్లి ఒకావిడ దుకాణంలో అన్నిటికంటే పెద్ద గుండిగను బేరమాడి ఒప్పుకుంది. ఆమె కొంగు ముడి విప్పుతున్న సమయానికి మా బావ లోపలికి వచ్చాడు. గుండిగను ఒక చెవి పట్టుకుని లేపి చూశాడు.

"అవ్వా, గిది నువ్వు లేపుతవా? నీ బిడ్డ లేపుతదా? నడుములు వోతయి. గింత బరువెందుకు, తేలికది తీస్కోరాదు?"

ఆమె ముడి మళ్లీ వేసుకుని ఎదుటి దుకాణంలోకి వెళ్లింది.

"బావా, నువ్వు నా దుకాణానికి రాకు. నీ కాళ్లు మొక్కుత."

"పాపం ఆమె చెయ్యి తేలికైతదని చెప్పినరా."

"నా గల్లా తేలికైంది!"

ఆ గుండిగను నేను కోపంతో అన్నిటికంటే పై అరలోకి ఎక్కించాను. ఎక్కించేటప్పుడు రెండు చేతులతో ఎక్కించాను, దించేటప్పుడు బలం చూపిద్దామని ఒక చేత్తో దించాను. అది తిన్నగా నా కుడిభుజం మీద దిగింది. దవాఖానలో ఎముక విరగలేదన్నారు గానీ, కొన్నాళ్లకు భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. బావ జనగామ వచ్చి, నన్ను పలకరించడానికి ముందు గుండిగ దగ్గరికి వెళ్లి, లేపి చూసి, "చెప్పిన గదా, బరువున్నదని" అన్నాడు.

డాక్టరు వేళ్లతో గోడ మీద పైకి పాకించే కసరత్తు చెప్పాడు. రోజూ చెయ్యకపోతే చెయ్యి ఇక ఇంతేనన్నాడు. నేను రెండు రోజులు చేశాను. మూడో రోజు నుంచి గోడకు విశ్రాంతి ఇచ్చాను. నా భార్య యమున నాకు తల దువ్వేది. దుకాణంలో అరలు కప్పు దాకా ఉంటాయి. నాకు అందేవి కింది రెండు అరలే. వచ్చినవాళ్లు పైన ఉన్నది చూపించమంటే, "గది బాగుండదు, గిది తీస్కోండ్రి" అని చెంచాలు చూపించేవాణ్ణి. పెళ్లిళ్ల సీజన్ వచ్చేలోపు చెయ్యి లేవకపోతే దుకాణం ఎవరికైనా అప్పజెప్పి ఇంట్లో కూర్చోవాలని లోలోపల నిశ్చయించుకున్నాను. పైకి మాత్రం, "నాకేంది, సింహం లెక్కున్న" అనేవాణ్ణి. భయంతో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

ఆ సంగతి యమున అక్కకు చెప్పింది, అక్క బావకు చెప్పింది. గూడూరు అడవి అంచున ఉన్న చెరువులో పడవ షికారు పెట్టి అప్పటికి ఏడాదయింది. బావకు అందులో పని. వచ్చినవాళ్లకు లైఫ్ జాకెట్లు తొడగడం, తెడ్లు అందించడం. ఫోన్ చేశాడు.

"ఆదివారం రా. చెర్వుల కయాక్ నడుపుదువు. చెయ్యి అదే లేస్తది."

"గోడ మీద లేవనిది నీళ్ల మీద లేస్తదా?"

"గోడ యాడికి తీస్కపోతది నిన్ను? పడవైతే ఆ ఒడ్డుకన్న తీస్కపోతది."

డాక్టరును అడిగితే మెల్లగా చెయ్యమన్నాడు. మానుకోట దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో వెళ్లాను. కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చునే సన్నటి పడవ. ఒక్క మనిషి అంటే వాళ్ల లెక్కలో నాలో సగం. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టడానికి బావ ఒక పక్క, చాందీ ఒక పక్క లాగారు. చాందీ దగ్గరి తండా మనిషి, ఆ చెరువులో ఎవరైనా మునిగితే తీసేది ఆమే. నన్ను తేరిపార చూసి బావతో అంది.

"ఎల్లన్నా, గీ సేటు మునిగితే నేనొక్కదాన్నే తియ్య. ట్రాక్టరు పిలువాలె."

తెడ్డు ఇచ్చారు. నడుమ అల్యూమినియం గొట్టం, రెండు కొసలకూ ప్లాస్టిక్ రెక్కలు. ఒకసారి ఎడమ రెక్క, ఒకసారి కుడి రెక్క నీళ్లలో ముంచి లాగాలి. చేతికి తీసుకుంటే దూదిలా ఉంది. నవ్వాను. చెరువులోకి వంద గజాలు పోయేసరికి నా నవ్వు పోయింది. భుజం నిప్పులా మండింది. పడవ మాత్రం పిచ్చిదానిలా గుండ్రంగా తిరిగింది. చాందీ తాడు వేసి లాక్కొచ్చింది.

"ఇగ నేను రాను బావా. నా బతుకు గింతే" అన్నాను. హాస్యానికి కాదు, నిజంగానే అన్నాను.

బావ తెడ్డు తీసుకుని అరచేతిలో ఆడించాడు. పెదవి విరిచాడు. "బరువున్నదిరా బామ్మర్దీ. నీ తప్పు లేదు."

"చెంబంత బరువు లేదు గదా!"

"ఒక్కపారి లేపితే లేదు. ఆ ఒడ్డుకు వోయి రావాల్నంటే రెండు వేల సార్లు లేపాలె. నువ్వు సేటువు గదా, లెక్క జెయ్యి. పావు కిలో తగ్గిస్తె ఎంత తగ్గుతది?"

లెక్క చేశాను. అయిదు వందల కిలోలు. నా దుకాణంలో కింది రెండు అరల సరుకంతా కలిపినా అంత ఉండదు.

"మల్ల ఇంకోటి. నడుమ బరువున్నా జర సైసుతది. కొసలకున్న బరువే చెయ్యిని గుంజుతది. రెక్కలు పల్చగుండాలె."

పక్కవారానికి నాకోసం వెదురు కడ్డీకి పల్చటి చెక్క రెక్కలు బిగించి ఒక తెడ్డు తయారుచేశాడు. ఇంకా తేలికవ్వాలని రెక్కల నిండా బెజ్జాలు వేశాడు. పది నిమిషాలు చెమటలు కక్కుతూ తెడ్డు వేశాను. పడవ బయలుదేరిన చోటు నుంచి కదలలేదు. ఒడ్డున చాందీ కడుపు పట్టుకుని కూర్చుంది.

"యాదగిరి పార యాదికి లేదా బావా?"

"గది మన్ను. గిది నీళ్లు గదా అనుకున్న" అన్నాడు తాపీగా. అప్పటికప్పుడు బెజ్జాల్లేని రెక్కలు బిగించాడు.

ఆ తెడ్డుతో చెరువు పావు వంతు పోగలిగాను. అది చాలా తేలిక. మరుసటి ఆదివారం సగం పోయాను. ఆ తర్వాతి వారం నడుమనున్న రాళ్ల గుట్ట దాకా పోయాను. బావ ఆ మొదటి అల్యూమినియం గొట్టం తెడ్డు పట్టుకుని ఇంకో కయాక్‌లో నా పక్కనే వచ్చేవాడు. మొదట్లో ఆయనే ముందుండేవాడు. నెల తిరిగేసరికి ఇద్దరం సమానమయ్యాం. ఆ తర్వాత నేనే ముందు. ఆయన వెనకాల రొప్పుతూ, చెమట తుడుచుకుంటూ వచ్చేవాడు.

నాకు ఒళ్లు తెలియలేదు. వారం వారం తెడ్డు చేతిలో తేలికవుతుంటే అదంతా నా బలం పెరగడమే అనుకున్నాను. జనగామలో దుకాణానికి వచ్చినవాళ్లకు చెంచాలతో పాటు నా ఎడమ కండ, కుడి కండ చూపించేవాణ్ణి. బావ తెడ్డు వేసినప్పుడల్లా గరగరమని ఒక చప్పుడు వినిపించేది. పాపం, తాళ్లెక్కి ఎక్కి భుజాల కీళ్లు అరిగిపోయాయనుకున్నాను. జాలితో నొప్పుల నూనె సీసా కొనిచ్చాను.

"రోజు పడుకునేటప్పుడు రుద్దుకో బావా. వయసు మీద పడ్డది నీకు. నన్ను జూసి పరేషాన్ గాకు."

"సరే బామ్మర్దీ" అని సీసా కూడా అరచేతిలో ఆడించి జేబులో వేసుకున్నాడు.

పెళ్లిళ్ల సీజన్ ఇంకా నెల ఉందనగా, భూపాలపల్లి వైపు ఒక చెరువులో కయాక్ పోటీ పెడుతున్నారని చాందీ చెప్పింది. యాభై దాటిన మగవాళ్లకు విడిగా పందెం. నేను పేరిచ్చాను. దుకాణం పేరు వేసిన టీషర్టు కుట్టించాను, ఎందుకంటే నా కొలత బజారులో దొరకలేదు. బావ గొణిగాడు.

"ఇప్పుడే ఎందుకురా పందెం? ఇంకొన్నాళ్లు ఆగు."

"భయమైతుందా బావా? రాకు మరి."

ఆయన నన్నొకసారి, నా తెడ్డునొకసారి చూసి, తన పేరు కూడా ఇచ్చాడు.

పందెంలో అయిదుగురం. చెరువు నడుమ నీలం డ్రమ్ము తేలుతోంది, దాన్ని చుట్టి రావాలి. ఒడ్డున అక్క, యమున, చాందీ. ఈల వేయగానే నేను దూసుకుపోయాను. డ్రమ్ము దగ్గరికి చేరేసరికి మూడో స్థానంలో ఉన్నాను. రెండోవాడిని దాటుదామని ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాను. టప్పుమంది. తెడ్డు నడుమకు విరిగి రెండు చేతుల్లో రెండు ముక్కలు మిగిలాయి. పడవ మళ్లీ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. వెనక నుంచి బావ గరగరమంటూ వచ్చి పడవ పట్టుకున్నాడు.

"బావా, తెడ్డు ఇరిగింది!"

"ఇరగదా మరి, గీకి గీకి కాయితం జేస్తిని" అని నాలుక కరుచుకున్నాడు.

"ఏందీ? ఎవరు గీకిండ్రు?"

ఇక దాచలేక నీళ్లవైపు చూస్తూ చెప్పాడు. "ఇగ రానంటివి గదా ఆ మొదటి దినం. జర తేలికైతే వస్తవని తెడ్డు జేసిన. వచ్చినవు. వారం వారం గాజుపెంకుతోని ఇంగింత గీకిన. మల్ల మల్ల వచ్చినవు."

నా కండలు అక్కడికక్కడే కరిగిపోయాయి. "మరి నేను నిన్ను గెలుస్తుంటి గదా?"

ఆయన తన తెడ్డు తీసి నా ఒళ్లో పెట్టాడు. నేను దాన్ని లేపబోయి ఆగిపోయాను. రోకలిలా ఉంది. ఒక పక్కకు వంచితే లోపల ఏదో గరగరమని ఆ కొసకు జారింది.

"గొట్టంల ఇసుక పోసిన. నీది గీకినప్పుడల్లా నా దాంట్ల ఇంత పోసేటోన్ని. గెలుస్తుంటే మనిషి ఆగడని."

అంటే అన్ని ఆదివారాలు ఆయన ఆ ఇసుకను చెరువంతా మోశాడు, నేను గెలవడానికి. నేనేమో ఆయన కీళ్లకు నొప్పుల నూనె కొనిచ్చాను. సిగ్గుతో నాకు ఆ పడవలోనే మునిగిపోవాలనిపించింది, కానీ ట్రాక్టరు దూరంగా ఉంది.

"నేను దీన్ని లేపలేను. బరువున్నది బావా" అన్నాను.

ఆయన నా విరిగిన ముక్కలు రెండూ తీసుకుని, నా మొహంలోకి చూశాడు.

"బరువేం లేదు. లేపు."

పెళ్లినాటి నుంచి చూస్తున్నాను, ఏ వస్తువు గురించీ ఆయన నోట ఆ మాట వినలేదు. లేపాను. లేచింది. ఒక పక్క ముంచితే ఇసుకంతా అటు జారి చెయ్యిని గుంజేది, ఇంకో పక్క ముంచితే ఇటు జారి గుంజేది. బూతులు తిట్టుకుంటూ లాగాను. పక్కనే మా బావ రెండు చేతుల్లో రెండు ముక్కలు పట్టుకుని, నీళ్లను చెంపలు వాయించినట్టు వాయిస్తూ బాతులా కదిలాడు. కొంతసేపటికి నన్ను దాటాడు. ఒడ్డు చేరేముందు వెనక్కి తిరిగి ఆనందంగా అరిచాడు.

"బామ్మర్దీ! సగం తెడ్డు ఇంకా తేలికుందిరా!"

నేను అయిదోవాణ్ణి. అయిదుగురిలో అయిదు. ఒడ్డు మీద మొదటివాడికి దండ వేస్తున్నారు. బావ అక్కతో, "ఇగ అందరికి సగం తెడ్లే చేస్త" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. పడవ దిగి, ఇసుక తెడ్డు రెండు చేతులా పట్టుకుని, ఆయన నడినెత్తిన వేద్దామని పరుగెత్తాను. బావ అక్క వెనక దాక్కున్నాడు. అక్క అడ్డం రాలేదు. నోరు తెరుచుకుని నా నెత్తి పైకి చూస్తోంది.

"రాజేందరూ! నీ చెయ్యి!"

పైకి చూశాను. కుడిచెయ్యి నా తల మీద నిటారుగా ఉంది. తెడ్డు దాని పైన ఉంది. ఇసుకంతా ఒక కొసకు జారి గరగరమంటోంది.

"దించకు, దించకు, జర సేపు అట్లనే ఉండు" అని యమున ఏడుస్తూ నవ్వుతూ ఫొటో తీసింది. బావ అక్క భుజం మీదుగా తొంగిచూసి, "కొట్టు బామ్మర్దీ, కొట్టు. పైకి లేసిందిగా, సాలు" అన్నాడు. కొట్టలేదు. చెయ్యి దించితే మళ్లీ లేస్తుందో లేదోనని భయం. చాందీ వచ్చి తెడ్డు అందుకునేదాకా అలాగే నిలబడ్డాను. ఆ ఫొటో ఇప్పుడు దుకాణంలో గల్లా పైన ఉంది. పైన అంటే, కప్పు కిందే. నేనే మేకు కొట్టాను.

తిరిగి వస్తుంటే ఆటోలో అక్క పక్కన కూర్చుని అడిగాను, ఆ గంటె ఎందుకు కోశాడని. "నా మణికట్టు వాచి ఉండె అప్పుడు" అంది. స్కూటీ స్టాండు? "బండిని స్టాండు మీదికి గుంజుతుంటే నడుం పట్టేసింది. తెల్లారి లేచేసరికి స్టాండు లేదు." యాదగిరికి ఆ ఏడే కడుపు ఆపరేషన్ అయిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. చెట్టు దిగాక మా బావ తన వస్తువు ఒక్కటి తేలిక చేసుకోగా నేను చూడలేదు. చెక్కిందల్లా వేరేవాళ్ల చేతుల్లోదే. అన్నేళ్లు ఆయన్ని చూసి నవ్విన నా తెలివికి నాకే ఒక దండ వేయాలనిపించింది. ముందు సీట్లో ఆయన గాఢంగా నిద్రపోతున్నాడు. నొప్పుల నూనె వాసన వేస్తున్నాడు. నిజంగానే రుద్దుకుంటున్నాడన్నమాట.

ఇప్పటికీ ఆదివారం ఆదివారం గూడూరు వెళ్తాను. పంతం పట్టి ఆ ఇసుక తెడ్డే వాడుతున్నాను, ఇంకోటి ముట్టను. పోయిన నెల నుంచి అది చేతిలో బాగా తేలిగ్గా ఆడుతోంది. బలం పెరిగిందని మళ్లీ జనగామంతా చెప్పుకున్నాను. మొన్న ఎందుకో అనుమానం వచ్చి తెడ్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను. గరగర బాగా తగ్గింది. ఒడ్డున బావ కూర్చునే కుర్చీ కిందికి వంగి చూస్తే, చిన్న ఇసుక కుప్ప ఉంది. ఇంకా తడి ఆరలేదు.